ఆరో పాఠం: డిడక్షన్, డిడక్టిబుల్, మధ్యలో హెచ్‌ఎస్‌ఏ

కిందటి పాఠం చివర ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబులు చూశాక, ఈ వారం చెబుదామనుకున్న రిటైర్మెంట్ ఖాతాలు పక్కన పెట్టేశాను. అమెరికాలో 2025కి భార్యాభర్తలు కలిపి పన్ను ఫైల్ చేస్తే స్టాండర్డ్ డిడక్షన్ 31,500 డాలర్లు అని చెప్పాను కదా. చాలామంది జీతంలోంచి 34,800 తీసేశారు. ఈ అంకె ఎక్కడిదా అని పావుగంట బుర్ర గోక్కుంటే అప్పుడు తట్టింది, ఇన్సూరెన్స్ డిడక్టిబుల్ 3,300 కూడా కలిపేశారని. తప్పు నాదే. రెండు మాటలూ ఒకే పేరాలో రాశాను.

డిడక్షన్ పన్నుల మాట. అంత ఆదాయం మీద పన్ను అడగరు. డిడక్టిబుల్ ఇన్సూరెన్స్ మాట. ఏడాదిలో అంత సొమ్ము మీరు కట్టేదాకా, వార్షిక చెకప్, టీకాల్లాంటివి తప్ప, కంపెనీ పైసా విదల్చదు. మొదటిది మీకు మిగిలేది, రెండోది చేతిచమురు.

రెండో తప్పు ఎమ్మారై స్కాన్ బిల్లు లెక్కలో. దాన్ని మళ్లీ చేద్దాం. డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చిన కొన్ని వారాలకు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఈఓబీ (ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్), అంటే ఎవరు ఎంత కట్టాలో చెప్పే కాగితం వస్తుంది, పైన ‘ఇది బిల్లు కాదు’ అని ఉంటుంది. అందులో ఆసుపత్రి వేసింది 3,900. ప్లాన్ ఒప్పుకున్న రేటు 1,400. మధ్యలో ఉన్న 2,500ను మర్చిపోండి, నెట్‌వర్క్‌లో ఉన్న ఆసుపత్రి దాన్ని మిమ్మల్ని అడగకూడదు. మీ డిడక్టిబుల్‌లో ఇంకా 600 మిగిలి ఉంది, కాబట్టి ముందు ఆ 600 మీదే. మిగిలిన 800లో 20 శాతం, అంటే 160, కోఇన్సూరెన్స్, డిడక్టిబుల్ దాటాక కూడా మీరు కట్టే వాటా. మొత్తం 760. మీలో సగం మంది 20 శాతాన్ని 3,900 మీద వేశారు. ఆసుపత్రి వేసిన అంకెను నేనైతే చదవను కూడా.

నా అలవాటు ఒకటి చెబుతాను. ఆసుపత్రి బిల్లు ముందే వచ్చినా ఈఓబీ వచ్చేదాకా కట్టను. రెండూ కలిపి పిన్ను కొడతాను. అంకెలు కలిస్తే కడతాను, కలవకపోతే ఫోన్ చేస్తాను. కౌంటర్లో ముందే కట్టమంటే ‘ఈఓబీ రానివ్వండి’ అంటాను. మొహం మాడ్చుకుంటారు, అంతే.

ఇక హెచ్‌ఎస్‌ఏ, అంటే హెల్త్ సేవింగ్స్ అకౌంట్, వైద్యం ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే ఖాతా. పన్నులు, ఇన్సూరెన్సు కలిసే చోటు ఇదే. హై డిడక్టిబుల్ ప్లాన్ ఉన్నవాళ్లకే ఈ ఖాతా. 2025లో కుటుంబానికి 8,550 డాలర్ల దాకా వేయొచ్చు, మీ కంపెనీ వేసేది కూడా అందులోకే వస్తుంది. మొత్తం మీ డబ్బే అనుకుని, 22 శాతం శ్లాబులో ఉన్నారనుకుంటే ఆదాయపు పన్నులో 1,881 మిగులుతుంది. జీతంలోంచే కోత వేయిస్తే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత 7.65 శాతం కూడా తప్పుతుంది, అది ఇంకో 654. బ్యాంకు నుంచి మీరే నేరుగా పంపితే ఈ 654 పోయినట్టే. కాలిఫోర్నియా, న్యూజెర్సీ వాళ్లకు రాష్ట్ర పన్నులో ఏమీ కలిసిరాదు. ఏడాది చివర మిగిలింది పోదు, ఉద్యోగం మారినా ఖాతా మీదే. హైదరాబాద్ వెళ్లినప్పుడు మీకు చేయించుకున్న రూట్ కెనాల్‌కీ వాడుకోవచ్చు, రసీదు దాచుకోండి. విజిటర్ వీసా మీద వచ్చిన నాన్నగారి పంటికి మాత్రం హెచ్‌ఎస్‌ఏ కార్డు గీకకండి. ఆ సొమ్ము మీద పన్నూ, 20 శాతం పెనాల్టీ పడతాయి.

ఇప్పుడు నన్ను ఏటా విసిగించే సంగతి. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లు జాగ్రత్తగా చదవండి. భర్త తన కంపెనీలో హెచ్‌ఎస్‌ఏ తీసుకుంటాడు. భార్య తన కంపెనీలో హెల్త్ ఎఫ్‌ఎస్‌ఏ (ఫ్లెక్సిబుల్ స్పెండింగ్ అకౌంట్, ఇదీ వైద్యం ఖర్చులకు పన్ను లేకుండా పక్కన పెట్టేదే) తీసుకుంటుంది. ఇద్దరివీ వేరే కంపెనీలు, వేరే పోర్టళ్లు, నవంబరులో, వచ్చే ఏడాదికి ప్లాన్లు ఎంచుకునేటప్పుడు, ఎవరి లాప్‌టాప్ ముందు వాళ్లు కూర్చుని నొక్కేస్తారు. అక్కడితో భర్త హెచ్‌ఎస్‌ఏలో పైసా వేయడానికి కూడా అర్హుడు కాకుండా పోయాడు.

ఎందుకంటే భార్య ఎఫ్‌ఎస్‌ఏ భర్త ఖర్చులకూ డబ్బు ఇవ్వగలదు. అంటే డిడక్టిబుల్ దాటకముందే డబ్బిచ్చే ఇంకో కవరేజీ ఆయనకు ఉన్నట్టు లెక్క. ‘నా కళ్లజోడుకే వాడుకున్నానండీ’ అంటారు. కుదరదు. ‘అసలు వాడనే లేదండీ’ అంటారు. అయినా కుదరదు. ‘ఆయన నా ప్లాన్‌లో లేరు కదా’ అన్నా అంతే. వాడారా లేదా కాదు, వాడగలరా అన్నదే ప్రశ్న. కిందటేడాది ఎఫ్‌ఎస్‌ఏలో మిగిలిన నలభై డాలర్లు ఈ ఏడాదికి క్యారీఓవర్ అయినా ఇదే గొడవ. పళ్లకూ కళ్లకూ మాత్రమే పరిమితమైన లిమిటెడ్ పర్పస్ ఎఫ్‌ఎస్‌ఏ అయితే పర్వాలేదు. డేకేర్ ఫీజుల కోసం ఉండే డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏకు దీంతో సంబంధమే లేదు. పేర్లు కలిశాయని దాన్ని రద్దు చేసుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు.

మా ఇంట్లో ఇది 2019లో జరిగింది. మా ఆయన హెచ్‌ఎస్‌ఏలో 7,000, అప్పటి పూర్తి పరిమితి. నా ఎఫ్‌ఎస్‌ఏలో కొంచెం. మరుసటి మార్చిలో పన్నులు వేసుకుంటూ కూర్చుంటే నా ఎన్‌రోల్‌మెంట్ కాగితం బయటపడింది. రెండు కంపెనీల్లో ఏ ఒక్కటీ హెచ్చరించలేదు, వాళ్లకు తెలిసే దారీ లేదు. ఫైలింగ్ గడువులోగా ఆ 7,000, దాని మీద వచ్చిన రాబడి వెనక్కి తీయించి, ఆదాయంలో చూపించి పన్ను కట్టాం. అలా తీయించకుండా వదిలేస్తే, అది ఖాతాలో ఉన్నన్నాళ్లూ ఏటా 6 శాతం ఎక్సైజ్ పన్ను. అందుకే ఎఫ్‌ఎస్‌ఏ అంటే నాకు ఒళ్లు మంట. మిగతావాళ్లకు అది మంచిదే కావచ్చు, మా ఇంట్లోకి మళ్లీ రానివ్వలేదు.

అభ్యాసం. ఈసారి కాస్త ఎక్కువే ఇస్తున్నా. ఇద్దరి ఎన్‌రోల్‌మెంట్ కాగితాలు, ఇద్దరి డబ్ల్యూ-2లు (ఏటా కంపెనీ ఇచ్చే జీతం, పన్ను కోతల పత్రం), ఈ ఏడాది వచ్చిన ఈఓబీలు అన్నీ బల్ల మీద పరవండి. డబ్ల్యూ-2 పన్నెండో బాక్సులో డబ్ల్యూ అక్షరం పక్కన అంకె ఉందేమో చూడండి, అదే హెచ్‌ఎస్‌ఏ. మీ జీతంలోంచి పోయిందీ కంపెనీ వేసిందీ కలిపే అందులో ఉంటుంది, మొదటి బాక్సులో అది ముందే తీసేసి ఉంటుంది, కాబట్టి మళ్లీ డిడక్షన్‌గా రాయకండి. తర్వాత ప్రతి ఈఓబీకీ ఎమ్మారై లెక్క చేసి, డిడక్టిబుల్ ఏ తేదీకి పూర్తయిందో కనుక్కోండి.

జవాబులు పంపేటప్పుడు సోషల్ సెక్యూరిటీ నంబరు కొట్టేసి పంపండి. కిందటిసారి ఇద్దరు కొట్టేయకుండానే పంపారు.