బొక్కంటే చిల్లు కాదు: హైదరాబాద్‌కు కొత్తగా వచ్చినవారికి కొన్ని మాటలు

కాకినాడ నుంచి ఉద్యోగానికి వచ్చి రామంతాపూర్‌లో గది తీసుకున్నాక వచ్చిన మొదటి ఆదివారం మటన్ కొట్టు ముందు నిలబడ్డాను. నా వంతు రాగానే ఆయన కత్తి ఆపి అడిగాడు: "అన్నా, బొక్కలు ఉండాల్నా, ఒద్దా?" నేను చేతిలో సంచి పైకెత్తి అడుగు చూసుకున్నాను, ఎక్కడైనా చిరిగిందేమోనని. వెనకున్న పెద్దాయన నవ్వు ఆపుకోలేక "బొక్కలంటే ఎముకలు నాయినా" అన్నాడు. మా వైపు బొక్కంటే చిల్లు, ఇక్కడ ఎముక. మూలుగ ఉండే నల్లి బొక్క కావాలంటే నోరు తెరిచి ముందే అడగాలని, లేకపోతే మన వెనకాయన సంచిలోకి పోతుందని కూడా ఆ రోజే తెలిసింది.

హైదరాబాద్ వచ్చేముందు చాలామంది ఉర్దూ మాటలకు భయపడి నాలుగు రీల్స్ చూసి దిగుతారు. నక్కో అంటే వద్దు, హౌ అంటే అవును, కైకు అంటే ఎందుకు. వీటితో పెద్ద ఇబ్బంది రాదు. తెలియని మాట చెవిన పడితే ఎవరినైనా అడుగుతాం కదా. బోల్తా పడేదల్లా మనకు తెలుసనుకున్న తెలుగు మాట దగ్గరే.

ఆఫీసులో మధ్యాహ్నం బాక్సు తెరిచి పక్కాయన "తొక్కు ఏస్కుంటవా?" అంటాడు. మాకు తొక్క అంటే అరటిపండు మీద ఒలిచి పారేసేది. 'తొక్కలో ఉద్యోగం' అని విసుక్కోవడానికీ అదే మాట. ఇక్కడ తొక్కు అంటే పచ్చడి, మొహమాటపడకుండా వేసుకోండి. పుంటికూర అన్నది మన గోంగూరే. కూరగాయల బండి దగ్గర బంగాళాదుంప ఆలుగడ్డ, ఉల్లిపాయ ఉల్లిగడ్డ, వెల్లుల్లి ఎల్లిగడ్డ అవుతాయి. మొక్కజొన్న మక్క, వేరుశనగ పల్లీ. రాయలసీమ నుంచి వచ్చినవాళ్లకు ఇంకో చిక్కుంది. వాళ్ల ఊళ్లో ఉల్లిపాయ ఎర్రగడ్డ. ఇక్కడ ఎర్రగడ్డ ఒక పేట, మానసిక వైద్యశాల అక్కడే ఉంది. "కిలో ఎర్రగడ్డలివ్వు" అంటే బండివాడు ఎగాదిగా చూస్తాడు. 'వీణ్ని ఎర్రగడ్డకు తోలాలి' అనే వెటకారం కూడా వింటారు. ఆ జోకు నాకెప్పుడూ నచ్చలేదు, మీరు నేర్చుకోనక్కర్లేదు.

ఇల్లు వెతికేటప్పుడు అద్దె అనకపోయినా పర్లేదు, కిరాయి అంటే పని జరుగుతుంది. గదిని అర్ర అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కుళాయిని నల్లా అంటారు. అడ్వాన్స్ ఇచ్చేముందు "నల్లా ఏయే రోజులొస్తది? సంపు ఎంత పెద్దది?" అని అడగండి. చాలా పేటల్లో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. నీళ్లొచ్చే వేళ కూడా అడిగి రాసుకోండి. మేం మొదటి నెలలో నిద్రపోయి రెండుసార్లు ట్యాంకర్ తెప్పించుకున్నాం. అడ్రస్ చెప్పేటప్పుడు సెంటర్ అనకండి, నాలుగు దారులు కలిసేచోటు చౌరస్తా. మెహిదీపట్నం దాటి పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే కింద ఉంటే మాత్రం అన్నీ వదిలేసి పిల్లర్ నంబర్ చెప్పండి.

ఇక మర్యాద సంగతి. గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాడికి మొదట గుచ్చుకునేది ఇదే. కొట్లో కుర్రాడు "ఏం గావాలె అన్నా, నువ్వు చెప్పు" అంటాడు. 'అండీ' లేదు, 'మీరు' లేదు. నాకు మొదట్లో చురుక్కుమనేది. కొన్నాళ్లకు అర్థమైంది, ఇక్కడ గౌరవం ఆ 'అన్నా'లో ఉంది. వాళ్లకు మన 'అండీ' కొంచెం దూరం పెట్టినట్టు ఉంటుందట. మా ఇంటి ఓనరు తల్లి నన్ను చనువుగా 'బిడ్డా' అనేది. ఆవిడే ఎవరికో తన పిల్లల గురించి చెబుతూ "ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ" అంది. కొడుకులు బిడ్డలు కారా అని నా అనుమానం. ఇక్కడ బిడ్డ అంటే కూతురు. పిలిచేటప్పుడు మాత్రం ఎవరినైనా అంటారు. ట్రాఫిక్‌లో బండికి బండి తగిలినప్పుడు "ఏం బిడ్డా" అని వినబడితే అది ముద్దు కాదు, లొల్లికి మొదలు.

ఇంటర్నెట్‌లో దొరికే అర్థాలు బోల్తా కొట్టేది సరిగ్గా ఇక్కడే. ఇంగ్లిష్ వాడుకమాటల వెబ్‌సైట్ అర్బన్ డిక్షనరీని 1999లో ఆరన్ పెక్‌హమ్ మొదలుపెట్టాడు. దాంట్లో ఎవరైనా అర్థం రాయొచ్చు, చదివినవాళ్లు ఓట్లేస్తారు. నవ్వించే అర్థానికి ఓట్లు పడతాయి. సరైనది కిందెక్కడో ఉంటుంది. మన రీల్స్‌కూ అదే జబ్బు. 'కిరాక్'కు ఒకాయన అదిరిపోయింది అని రాస్తాడు, ఇంకొకాయన తిక్క అంటాడు. ఇద్దరూ తమ గల్లీలో విన్నదే రాశారు. ఎవరు ఎవరితో ఏ గొంతుతో అన్నారన్నది ఏ అర్థంలోనూ ఉండదు. 'హౌ' నేర్చుకున్న ఉత్సాహంలో 'హౌలే' కూడా అలాంటిదేననుకోకండి. అది తెలివితక్కువవాడని, చనువున్న దోస్తుల మధ్య చెల్లుతుంది, మేనేజర్ దగ్గర చెల్లదు. అమ్మాయిని 'పోరి' అనడం కూడా అంతే, ఆఫీసులో వద్దే వద్దు.

ఒక్క మాటకు మాత్రం నెట్‌లో జోకులే నిఘంటువు కంటే నిజం చెప్పాయి. పర్సోఁ. నిఘంటువులో మొన్న, లేదా ఎల్లుండి. హైదరాబాద్‌లో అది గడిచిపోయిన ఏ రోజైనా కావచ్చు. మా మోటార్ మళ్లీ కాలిపోతే మెకానిక్ "పర్సోఁ ఇచ్ కాయిల్ మార్చిన కదా సాబ్" అన్నాడు. బిల్లు తీసి చూస్తే అంతకుముందు వానాకాలానిది. అబద్ధమాడాడని గొడవ పెట్టుకోబోయాను. అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు.

అతని మాటలోని ఆ 'ఇచ్' చూడండి, నొక్కి చెప్పడానికి వచ్చింది. మరాఠీలో 'చ' చేసే పనే ఇది. నక్కో కూడా మరాఠీ 'నకో'కు చుట్టమే. బాతాఁ (మాటలు), లోగాఁ (జనం) అని బహువచనం చేసేది దక్కనీ, అంటే ఇక్కడి ఉర్దూ, పద్ధతి. 1591లో ఈ నగరాన్ని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా తన కవిత్వం చాలావరకు రాసింది ఈ దక్కనీలోనే. కాబట్టి ఎవరైనా దీన్ని పాడైపోయిన ఉర్దూ అంటే మీరు తలూపకండి.

తెలంగాణ తెలుగు విషయంలో ఇంకొంచెం జాగ్రత్త. వచ్చిన వారానికే 'గట్లనే, గిట్లనే' అని యాస దించబోకండి. మన సినిమాలు చాలాకాలం ఈ యాసను హాస్యగాడికీ రౌడీకీ ఇచ్చాయి, ఆ మంట ఇంకా చాలామందిలో ఉంది. ఇప్పుడు కవి కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. మాటలు వాటంతట అవే అంటుకుంటాయి. జర, మస్తు, పరేషాన్, లైట్ తీసుకో, ఇవన్నీ నాకు ఎప్పుడు అంటుకున్నాయో నాకే తెలియదు. ఎవరూ నవ్వలేదు కూడా.

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది మాత్రం ఒక చిన్న క్రియ. ఓ రోజు పొద్దున కిరాయి ఇద్దామని కిందికి దిగితే ఓనరు భార్య గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. అంకుల్ ఉన్నారా అంటే తలెత్తకుండా "పొద్దుగాలనే పోయిండు" అంది. నా గొంతు ఎండిపోయింది. ముందురోజు రాత్రి కూడా ఆయనతో మాట్లాడాను. ఎలా పలకరించాలో తెలియక "ఎప్పుడండీ?" అన్నాను మెల్లగా. "ఆరింటి బస్సుకు. సిద్దిపేటల పెండ్లి ఉండె" అంది.

ఇక్కడ పోవడం అంటే వెళ్లడం, అంతే. ఇప్పుడు నేనూ గేటు దాటుతూ "పోయొస్తనమ్మా" అంటాను, ఓనరు తల్లి లోపలినుంచి "పైలం బిడ్డా" (జాగ్రత్త అని) అంటుంది. ఫోన్ లైన్‌లో ఉంటే మా అమ్మ మాత్రం ఇప్పటికీ తిడుతుంది: "పోవడమేంట్రా పొద్దున్నే, వెళ్లొస్తాననలేవూ?"