ఇంటి వైరింగ్ నేర్చుకుందాం – 7: ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలిపిన వారికి

ఈసారి మెట్ల లైటుకు రెండు స్విచ్చులు ఎలా బిగించాలో చెప్పవలసి ఉంది గానీ అది వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. ఎర్త్ గుంట, ఆర్‌సీసీబీ (కరెంటు ఎక్కడైనా లీకైతే దానంతట అదే పడిపోయి లైను తెంపే స్విచ్) గురించిన ఆరవ పాఠం చదివి పనిలోకి దిగిన వారి నుండి ప్రధానంగా రెండు ఫిర్యాదులు వచ్చాయి. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు వారు ఆర్‌సీసీబీ బిగించిన నాటి నుండి ఫ్యాను వేస్తే చాలు అది పడిపోతోందని రాశారు. కనిగిరి, పామూరు వైపు వారు గుంట తవ్వితే రాయి తగిలిందనీ, అందువల్ల మూడు పిన్నుల సాకెట్‌లో పై రంధ్రపు ఎర్త్ తీగను పక్కనున్న న్యూట్రల్‌కు చిన్న తీగ ముక్కతో కలిపి సరిపెట్టుకున్నామనీ రాశారు. ఈ రెండు ఫిర్యాదులకూ మూలం చాలావరకు ఒక్కటే: ఇంట్లో ఎర్త్, న్యూట్రల్ కలిసిపోవడం.

సాకెట్‌కు ఎదురుగా నిలబడితే పైన ఎర్త్, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్ ఉండాలన్న సంగతి, తీగ చివర ఒలవడం, స్క్రూ బిగించడం మళ్ళీ చెప్పను.

సాకెట్‌లో ఆ ముక్క వేసినవారు చూపే కారణాలు రెండు. టెస్టర్ పెడితే న్యూట్రల్‌లోనూ వెలగదు, ఎర్త్‌లోనూ వెలగదు కనుక రెండూ ఒకటే అన్నది మొదటిది. వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను భూమికి కలిపే ఉంచుతారు కదా, అక్కడ తప్పు కానిది ఇక్కడ తప్పు ఎలా అవుతుందన్నది రెండవది. రెండవ ప్రశ్న తెలివైనదే కాబట్టి దానికి వివరంగా జవాబు చెబుతాను.

న్యూట్రల్ అనేది ఇంట్లో వాడిన కరెంటు అంతా తిరిగి వెళ్ళే దారి. ఎర్త్ తీగలో మాత్రం మామూలు వేళల్లో కరెంటు పారకూడదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నిరోధం మీటరుకు సుమారు 12 మిల్లీ ఓములు ఉంటుంది. 20 మీటర్ల న్యూట్రల్‌లో 10 ఆంపియర్లు పారితే దాని దూరపు కొన దగ్గర రెండున్నర వోల్టుల వరకు కనిపిస్తుంది. అంత తక్కువ వోల్టేజీకి టెస్టర్ వెలగదు, చేతికీ తెలియదు, కనుక అంతా బాగున్నట్టే ఉంటుంది. సముద్రపు గాలికి మీటరు దగ్గరి జాయింటు తుప్పు పట్టో, తుఫాను గాలికి స్తంభం మీద తీగ వదులయ్యో న్యూట్రల్ తెగిన రోజున పరిస్థితి మారిపోతుంది. అప్పుడు ఇంట్లో ఏ ఒక్క ఫ్యాను స్విచ్ వేసి ఉన్నా, ఫేజు ఆ ఫ్యాను గుండా న్యూట్రల్ తీగలోకి వచ్చి, వెళ్ళే దారి లేక, మీరు వేసిన ముక్క మీదుగా ఫ్రిజ్ తలుపుకూ గ్రైండర్ తొట్టికీ చేరుతుంది.

ఫ్యానులోంచి వచ్చే కరెంటు ఎంతలే అనుకునేవారు ఈ లెక్క వేసి చూడండి. 75 వాట్ల ఫ్యాను నిరోధాన్ని ఇంచుమించు 700 ఓములుగా, తడి కాళ్ళతో నిలబడిన మనిషి నిరోధాన్ని 1500 ఓములుగా తీసుకుంటే మొత్తం 2200 ఓములు. 230 వోల్టులను దానితో భాగిస్తే దాదాపు 100 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. ప్రాణరక్షణ కోసం మనం బిగించే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ల లోపలే పడిపోయేలా తయారవుతుంది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకోండి. పైగా మరమ్మతు చేసినవారు స్తంభం దగ్గర ఫేజు, న్యూట్రల్ తారుమారు చేస్తే ఫ్యాను అవసరం కూడా ఉండదు. నేరుగా 230 వోల్టులూ ఫ్రిజ్ తలుపు మీద ఉంటాయి. టెస్ట్ ల్యాంపుతో (రెండు తీగలు తగిలించిన బల్బుతో) ఎర్త్‌ను పరీక్షించి తృప్తిపడేవారికి కూడా ఒక మాట చెప్పాలి. ఆ ముక్క ఉన్న సాకెట్‌లో ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు నిండుగా వెలుగుతుంది. అది వెలిగేది న్యూట్రల్ మీద. దానిని బట్టి మీకు ఎర్త్ ఉన్నదని చెప్పలేము.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆ కలయిక తీగ బయలుదేరే చోటనే జరుగుతుంది. మన ఇంటికి వచ్చే న్యూట్రల్ మధ్యలో తెగినా మన సొంత ఎర్త్ గుంటకు దానితో సంబంధం ఉండదు కాబట్టి ఫ్రిజ్ తలుపు భూమితో సమానంగానే ఉంటుంది. సాకెట్‌లో ముక్క వేయగానే ఆ రక్షణ పోతుంది.

ఇక ఇందుకూరుపేట వారి సంగతి. ఆర్‌సీసీబీ చేసే పని ఒక్కటే: ఫేజులో వెళ్ళిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా చూడడం. పాత వైరింగ్‌లో ఎవరో ఎక్కడో కలిపిన ముక్క ఉంటే, తిరుగు కరెంటులో కొంత ఎర్త్ తీగ గుండా వెళ్ళిపోతుంది, లెక్క తప్పుతుంది, అది పడిపోతుంది. పరికరం పాడైపోయిందని దుకాణానికి తిరిగి ఇచ్చినవారు ఉన్నారు. అది చేయవలసిన పనే చేసింది.

ఆ ముక్కను వెతికే పద్ధతి ఇది. ప్లగ్గులన్నీ తీసివేయండి. ఇన్వర్టర్ ఉంటే దాని స్విచ్ దగ్గరే ఆపండి, ఎందుకంటే మెయిన్ తీసినా బ్యాటరీ ఉన్నంతసేపూ ఆ లైనులో కరెంటు ఉంటుంది. ఆర్‌సీసీబీ దించితే ఫేజు, న్యూట్రల్ రెండూ తెగుతాయి. పాత ఇళ్ళలోని ఒంటి పోలు మెయిన్ (ఫేజును మాత్రమే తెంపేది) మాత్రమే తీస్తే న్యూట్రల్ తెగదు, పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. ఆర్‌సీసీబీకి వచ్చే తీగల కొనల్లో కరెంటు ఇంకా ఉంటుంది కనుక, పైనున్న మెయిన్‌ను కూడా తీసిన తరువాతనే ఆర్‌సీసీబీ ఉన్న పెట్టె మూత విప్పండి. టెస్ట్ ల్యాంపును ముందు కరెంటు ఉన్న చోట వెలిగించి చూసుకుని, ఆ తరువాత పెట్టెలో కరెంటు లేదని నిర్ధారించుకోండి. అప్పుడు మల్టీమీటర్‌ను బీప్ గుర్తు మీద పెట్టి న్యూట్రల్ పట్టీకీ ఎర్త్ పట్టీకీ ఆనించండి. మోగిందంటే ఎక్కడో కలిసింది. న్యూట్రల్ తీగలను ఒక్కొక్కటిగా విప్పుతూ పోతే, ఏది విప్పినప్పుడు మోత ఆగుతుందో ఆ లైనులోనే ముక్క ఉంటుంది. మోగకపోయినా ఒకే ఒక స్విచ్‌కు ఆర్‌సీసీబీ పడుతుంటే, ఆ ఫ్యానుకో లైటుకో న్యూట్రల్‌ను ఇన్వర్టర్ లైను నుండి అరువు తెచ్చి ఉంటారు. ప్రతి లైనుకూ దాని సొంత న్యూట్రల్ వేయాలని నేను పట్టుబట్టేది ఇందుకే. తీగ ఖర్చు పెరుగుతుందని మేస్త్రీలు గొణుగుతారు, గొణగనివ్వండి. మీటరు, సర్వీసు తీగ వైపు మాత్రం చేయి పెట్టవద్దు, అది విద్యుత్ శాఖ వారి పని.

రాతి నేల వారు నిరాశపడవలసిన పని లేదు. గుంట నిరోధం 20 ఓములు ఉన్నదనుకుందాం. ఫేజు ఫ్రిజ్ ఒంటికి తగిలితే 230ని 20తో భాగించగా పదకొండున్నర ఆంపియర్లు పారుతుంది, దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్) కదలదు. అయితే ఆర్‌సీసీబీకి 30 మిల్లీ ఆంపియర్లు చాలు, కనుక అక్కడ ఆర్‌సీసీబీ లేకుండా ఎర్త్‌ను మాత్రమే నమ్ముకోకూడదు. స్నానాల గది నీరు పారే చోట ఎర్త్ పైపు పాతండి. రెండవ పైపు వేస్తే, మొదటిదానికి కనీసం పైపు పొడవుకు రెండింతల దూరంలో వేయండి. తీరం వైపు వారు గుంటలో ఉప్పు పోయవద్దు. ఆ నేలలో ఉప్పు కావలసినంత ఉంది, ఇంకా పోస్తే పైపు త్వరగా తుప్పు పడుతుంది. ముందుగా పోయేది క్లాంపు బోల్టు, కాబట్టి వేసవిలో ఒకసారి విప్పి గీకి బిగించండి.

అభ్యాసం: ఇంట్లోని ప్రతి ఎంసీబీకి ఏ లైట్లు, ఏ సాకెట్లు వస్తున్నాయో, దాని న్యూట్రల్ పట్టీలో ఎన్నవ స్క్రూ కింద ఉందో పట్టిక రాసి, పై పరీక్షను ప్రతి లైనుకూ చేసి ఫలితం పక్కన రాయండి. నాలుగవ పాఠంలో మీటరు వాడకం సరిగా వచ్చిన వారు మరొకటి చేయాలి. ఇస్త్రీ పెట్టె వేసి ఉంచి, అదే లైనులోని చివరి సాకెట్‌లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఏసీ వోల్టులు కొలవండి. ఒకటి నుండి మూడు వోల్టులు వస్తే మామూలే. కచ్చితంగా సున్నా వస్తే ఆ సాకెట్‌ను, కరెంటు తీసిన తరువాత, విప్పి చూడండి; చాలాసార్లు ముక్క అక్కడే దొరుకుతుంది. పది వోల్టులు దాటితే న్యూట్రల్ జాయింటు ఎక్కడో వదులుగా ఉన్నట్టు, ఆ లైనును సరిచేసే దాకా వాడకండి. ఈ పట్టిక పూర్తి కానివారు మెట్ల లైటు పాఠం చదివినా, పని మొదలుపెట్టవద్దు.