విదేశాల్లో పీజీ సీటు కోసం రాసే జీఆర్ఈ పరీక్షకి బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

ముందు పాస్‌పోర్టు తీయండి. ఒరిజినలే ఉండాలి, గడువు తీరకూడదు. జిరాక్సు, ఫోన్లో ఫొటో చెల్లవు. రిజిస్ట్రేషన్‌లోని పేరును దాంతో అక్షరం అక్షరం పోల్చండి. మనవాళ్లకు చిక్కొచ్చేది ఇంటిపేరు దగ్గరే: టెన్త్ మెమోలో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు. పాస్‌పోర్టులో ఉన్నదే లెక్క. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. పరీక్ష రోజు గేటు దగ్గర బతిమాలినా పని జరగదు.

2023 సెప్టెంబరు నుంచి పరీక్ష 1 గంట 58 నిమిషాలే. పాత పుస్తకాల్లోని రెండు వ్యాసాలు, పది నిమిషాల విరామం మర్చిపోండి.

☐ వ్యాసం ఒక్కటే, మొదటే: 30 నిమిషాలు
☐ వెర్బల్ (ఇంగ్లిషు), రెండు సెక్షన్లు: 12 ప్రశ్నలకు 18 నిమిషాలు, 15కి 23
☐ క్వాంట్ (లెక్కలు), రెండు సెక్షన్లు: 12కి 21, 15కి 26

వెర్బల్, క్వాంట్ రెండింట్లోనూ మొదటి సెక్షన్‌ ఎలా చేశారన్నదాన్ని బట్టే రెండోదాని కష్టం మారుతుంది. అందుకే ఆ మొదటి 12 ప్రశ్నల్లో తొందరపాటు అస్సలొద్దు. నెగెటివ్ మార్కుల్లేవు, ఏదీ ఖాళీగా వదలకండి. మధ్యలో బాత్రూంకి లేస్తే గడియారం ఆగదు, లోపలికెళ్లే ముందే చూసుకోండి.

గుంటూరు నుంచి విజయవాడ సెంటరుకు వెళ్లేవాళ్లు వారధి, బెంజి సర్కిల్ ట్రాఫిక్‌ను లెక్కేసుకుని బయల్దేరండి. కనీసం అరగంట ముందు చేరాలి.