షుగర్ ఉన్నవాళ్లు తిరుమల మెట్లెక్కే ముందు

- అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు. బయల్దేరే ముందే డాక్టరు దగ్గర అరికాళ్ల స్పర్శ పరీక్ష చేయించుకోండి. 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నటి నైలాన్ పోగు (మోనోఫిలమెంట్) ఆనించినా తెలియకపోతే వట్టికాళ్లతో ఎక్కొద్దు. అలాంటి పాదానికి గాజుపెంకు గుచ్చుకున్నా, ఎండకు కాగిన బండ కాల్చినా తెలియదు. అసలు ప్రమాదం అదే.
- మొక్కు ఉందంటారా? కనీసం మందపాటి తెల్ల నూలు సాక్సులు వేసుకోండి. రక్తపు మరక వెంటనే కనిపిస్తుంది.
- పాదానికి పుండు ఉంటే బస్సులోనే వెళ్లండి. స్వామి ఏమీ అనుకోడు.
- షుగర్ పడిపోతే వేసుకోవడానికి గ్లూకోజ్ జేబులో ఉండాలి.
- ఆగిన ప్రతిచోటా మడమలు, వేళ్ల సందులు చూసుకోండి. వంగలేకపోతే పక్కవాళ్లను చూడమనండి.
- బొబ్బ లేస్తే చిదమొద్దు.
- పైకి చేరాక కాళ్లనొప్పులకు వేడినీళ్ల కాపడం అసలే వద్దు.