రాజ్‌దూత్ ముందు మోగాలి, మెరుపు తర్వాత

పాత బండి ఒకటి కొని సొంత చేతులతో బాగు చేసుకుంటానని ఎవరైనా సలహా అడిగితే నేను రాజ్‌దూత్ 175 మోటార్‌సైకిల్ పేరే చెబుతాను. ఆర్‌ఎక్స్ 100 ధర అడిగితే ఇప్పుడు అమ్మేవాడి నోటికి హద్దులేదు. జావా, యెజ్డీలదీ అదే దారి. రాజ్‌దూత్ మాత్రం ఇంకా పశువుల పాకల్లో, గడ్డివాముల పక్కన దుమ్ము కొట్టుకుని కనిపిస్తూనే ఉంది. ఎస్కార్ట్స్ వాళ్ళు పోలండ్ దేశపు ఎస్‌హెచ్‌ఎల్ ఎం11 డిజైన్ తెచ్చి 1962లో ఇక్కడ మొదలుపెట్టిన బండి ఇది. 173 సీసీ, రెండే స్ట్రోకులు, మూడు గేర్లు. వాల్వుల్లేవు, క్యామ్ లేదు. పైన మూతలాంటి హెడ్డు, కింద బోరు అనే గొట్టం, అందులో పైకీ కిందకీ ఆడే పిస్టన్, అంతే. పాలవాళ్ళు కేన్లు వేలాడదీసి గుంతల్లో తోలినా ఏళ్ళ తరబడి నడిచిందంటే ఆ సాదాతనమే కారణం. నేర్చుకునేవాడికి ఇంతకంటే ఓపికున్న ఇంజిన్ దొరకదు.

బండి చూడటానికి వెళ్ళినప్పుడు ఇంజిన్ మీదకు కాదు, ముందు ఆర్‌సీ మీదకు పోవాలి మీ కళ్ళు. కాగితం లేని బండి ఎంత చవకైనా వద్దు. పార్టులుగా ఊడదీసుకోవడానికి తప్ప పనికిరాదు. ఛాసిస్ నంబర్ మీద పలచటి కాగితం పెట్టి పెన్సిల్ రుద్దితే అచ్చు దిగుతుంది. దాన్ని ఆర్‌సీతో అంకె అంకె సరిచూడండి, ఇంజిన్ నంబర్‌తో కూడా. పేరు మార్పుకు, ఓనర్ బతికుంటే ఫారం 29, 30 మీద సంతకాలు చాలు. చనిపోయి ఉంటే ముందు వారసుల పేరుకు మారాలి, దానికి ఫారం 31. నంబర్ మూడు అక్షరాలతో మొదలయ్యే పాతకాలం బండి అయితే ఆన్‌లైన్‌లో కనిపించకపోవచ్చు. అప్పుడు ఆర్‌టీఓ ఆఫీసులో పాత రిజిస్టర్ వెతికించి కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి. కాళ్ళరిగే పనే, కానీ డబ్బిచ్చే ముందే తేల్చుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు. పదిహేనేళ్ళు దాటాక ఆర్‌సీని ఐదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించాలి. 2025లో ఇరవై ఏళ్ళు దాటిన మోటార్‌సైకిల్‌కు ఈ ఫీజు 2000 రూపాయలు చేశారు. బండికి యాభై ఏళ్ళు నిండి, పెద్ద మార్పులేవీ లేకుండా ఉంటే 2021 రూల్స్ ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా ఉంది. ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది. కానీ ఆ నంబర్ మీద రోజూ సంతకు వెళ్ళి రావడం కుదరదు. నన్నడిగితే మామూలు ఆర్‌సీయే మేలు.

బేరం ఆడేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. పిస్టన్, రింగులు, కరెంటు తెంచి ప్లగ్‌కు నిప్పు పుట్టించే పాయింట్లు, కేబుళ్ళు ఎలాగో దొరుకుతాయి. హైదరాబాద్ పుత్లీబౌలిలోనో, బెజవాడ ఆటోనగర్‌లోనో తిరిగితే సగం పని అవుతుంది, మిగతా సగానికి చెన్నై పుదుపేట, ఢిల్లీ కరోల్‌బాగ్ ఉన్నాయి. దొరకనివి రేకు సామాన్లు. ట్యాంకు, సైడ్ డోర్లు, హెడ్‌లైట్ డూమ్ లేని బండికి సగం ధర కూడా ఎక్కువే. ఇంజిన్ జామ్ అయి ఉన్నా సరే, రేకంతా ఉన్న బండే తీసుకోండి. పాలబండి అయితే వెనక క్యారియర్ బిగించే చోట ఛాసిస్‌కు పడిన వెల్డింగ్ అతుకులు వేలితో తడిమి చూడండి.

ఇంటికి తెచ్చిన రోజే అన్నీ ఊడదీయాలని చేతులు దురద పెడతాయి. వద్దు. ఊడదీసిన బండి బస్తాల్లోకి చేరి, బస్తాలు అటకెక్కి, చివరికి పాత ఇనుములోకి పోవడం నేను చాలా ఇళ్ళలో చూశాను. ఉన్న బండిని ఉన్నట్టే ముందు స్టార్ట్ చేయడానికి చూడండి. అది మోగితే మీకు ఏది బాగుందో, ఏది పోయిందో తెలుస్తుంది. మోగని ఇంజిన్‌కు కొత్త పెయింట్ వేసిన బండి అమ్మకానికి తప్ప దేనికీ పనికిరాదు.

కిక్ కిందకు దిగకపోతే దాని మీద నిలబడి తొక్కకండి. హెడ్డు మీదున్న స్పార్క్ ప్లగ్ తీసి, ఆ కంతలోంచి డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి ఒక చిన్న గ్లాసు పోయండి. కొన్ని రోజులు అలా వదిలేయండి, మధ్యమధ్యలో ఇంకాస్త పోస్తూ. తర్వాత మూడో గేర్‌లో వేసి వెనక చక్రం ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపండి. చాలా ఇంజిన్లు అక్కడే వదులుతాయి. వదలకపోతే హెడ్డు తీసి చూడాల్సిందే.

ట్యాంకులో పాత పెట్రోలు కుళ్ళి వార్నిష్ వాసన కొడుతుంది. దాన్ని దూరంగా ఆరుబయట వంపేయండి. తుప్పుకు నేను వాడేది మామూలు వెనిగర్. నిండా పోసి రెండు రోజులు వదిలి, గుప్పెడు చిన్న నట్లు వేసి గలగలలాడించి వంపాలి. వేసిన నట్లు లెక్కపెట్టుకుని వేయండి, లోపల ఒకటి మిగిలితే అది పెట్రోలు ట్యాప్ నోటికే అడ్డం పడుతుంది. ఆ వెంటనే వంటసోడా నీళ్ళతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, అదే రోజు ఆయిల్ కలిపిన పెట్రోలు పోసేయాలి. ఆలస్యమైతే సాయంత్రానికల్లా మళ్ళీ ఎర్రపూత పడుతుంది. కన్నం ఉంటే ట్యాంకును తెలిసిన వాడికే ఇవ్వండి. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరికి వెల్డింగ్ నిప్పు తగిలితే బాంబే.

కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే సన్న కన్నం జెట్. అందులో సూది పెట్టి పొడవకూడదు, కన్నం పెద్దదైపోతుంది. కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి దాంతో దూర్చి, పెట్రోలుతో కడగండి. పెట్రోలు పైపులు, వాషర్లు ఎలా ఉన్నా మార్చేయండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిసిన పెట్రోలు, పాత రబ్బరు దానికి తట్టుకోదు. అది నీటిని కూడా లాక్కుంటుంది. కాబట్టి నెలల తరబడి బండి తీయనప్పుడు ట్యాంకు ఖాళీ చేసి ఉంచడమే మంచిది.

ఇక నిప్పు. ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి హెడ్డుకు ఆనించి కిక్ కొడితే నీలంగా టపటపలాడాలి. పెట్రోలు పనులేవీ దగ్గర పెట్టుకోకుండా చేయండి. ఎర్రగా నీరసంగా వస్తే ముందు అనుమానం ప్లాటినం పాయింట్ల మీద. సన్న ఎమరీ పేపరుతో రుద్ది, పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట సందు కొలిచే రేకు, అంటే ఫీలర్ గేజ్‌తో 0.4 మిల్లీమీటర్ల సందు పెట్టండి. ఇంజిన్ నడుస్తుంటే పాయింట్ల దగ్గర పెద్ద నిప్పురవ్వలు కనిపిస్తే వాటిని అణిచే కండెన్సర్ పోయినట్టు. టైమింగ్, అంటే నిప్పు సరైన క్షణంలో పడుతోందా అని చూడటానికి పాత మేస్త్రీలు సిగరెట్ పెట్టెలోని పలచటి కాగితం వాడతారు. దాన్ని పాయింట్ల మధ్య పెట్టి మెల్లగా లాగుతూ, క్రాంక్ కొసన ఉండే అయస్కాంతపు చక్రం మ్యాగ్నెట్‌ను అది తిరిగే దిక్కులోనే చేత్తో తిప్పాలి. కాగితం జారి చేతిలోకి వచ్చిన క్షణమే పాయింట్లు తెరుచుకోవడం మొదలైన క్షణం. అప్పటికి పిస్టన్ పైకొస్తూ, కొసకు కాస్త కింద ఉండాలి. అది ఎన్ని మిల్లీమీటర్లో మీ మోడల్ మాన్యువల్‌లో చూసుకోండి. మ్యాగ్నెట్ తీయడానికి పుల్లర్ ఉంటుంది, కొనుక్కోండి. సుత్తితో కొడితే అయస్కాంతం బలం పోతుంది, క్రాంక్ వంకరపోతుంది. ఇంకోటి, ఇది ఆరు వోల్టుల బండి. మన షాపుల్లో చేతికందేది పన్నెండు వోల్టుల బల్బు, పెడితే మిణుగురులా వెలుగుతుంది.

పెట్రోలులో టూ స్ట్రోక్ ఇంజిన్లకు వాడే 2టీ ఆయిల్ లీటరుకు 40 మిల్లీలీటర్లు కలపండి. ముందు క్యాన్‌లో కలిపి ఊపి పోయాలి. ట్యాంకులో పెట్రోలు పోశాక పైన ఆయిల్ ఒంపితే అది అడుగుకు చేరి ట్యాప్‌లోకి వస్తుంది.

బండి మోగిందనుకుందాం. ఇప్పుడు పొగ చూడండి, చెవి పెట్టండి. టూ స్ట్రోక్‌లో పెట్రోలు ఆవిరి ముందు క్రాంక్ ఉన్న గదిలోకి వచ్చి, అక్కడ నొక్కుకుని బోరులోకి ఎక్కుతుంది. ఆ గదికి రెండు వైపులా ఆయిల్ సీళ్ళు కాపలా. ఏళ్ళ తరబడి నిలబడ్డ బండిలో అవి గట్టిపడి పెచ్చులూడతాయి. క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్‌ను ఇంజిన్ పీల్చి తగలబెడుతుంది. పొగ తెల్లగా గుప్పుమంటూ ఎంతకీ తగ్గదు, గేర్ ఆయిల్ మాత్రం తగ్గుతూ పోతుంది. మ్యాగ్నెట్ వైపు సీల్ పోతే బయటి గాలి దూరుతుంది. యాక్సిలేటర్ వదిలేసినా బండి తనంతట తానే రేజ్ అవుతుంది. చాలామంది కార్బొరేటర్ స్క్రూ తిప్పుతూ కూర్చుంటారు, ఈలోపు గాలి ఎక్కువై ఇంజిన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. రేజ్ అవుతుంటే వెంటనే ఆపి ముందు సీల్ మార్చండి. మొదటి కొద్ది నిమిషాల పొగకు మాత్రం భయపడక్కర్లేదు, జామ్ వదలడానికి మీరు పోసిన ఆయిలే అది.

బోరు అరిగితే దాన్ని కాస్త వెడల్పుగా కొట్టించడానికి లేత్ షాపుకు వెళ్ళాలి. ఆటోనగర్‌లో ఒక ముసలి మేస్త్రీ ఖాళీ బోరు పట్టుకొచ్చిన కుర్రాడితో అన్న మాట ఇది: "బాబూ, పిస్టన్ లేకుండా వస్తే ఏ సైజుకు కొట్టమంటావ్?" కొత్త పిస్టన్ చేతిలో పెట్టాక, దాన్ని కొలిచి దానికి తగ్గట్టే బోరు కొడతారు. కొట్టాక బోరు గోడలోని కన్నాల, అంటే పోర్టుల అంచులు నున్నగా చేయించారో లేదో వేలితో చూసుకోండి. పదునుగా వదిలేస్తే రింగు అక్కడే తట్టుకుని విరుగుతుంది. పిస్టన్ మీద బాణం గుర్తు ఉంటే అది సైలెన్సర్ వైపు ఉండాలి.

బ్రేకు షూలు, కేబుళ్ళు, టైర్లు కొత్తవి వేసేయండి, అక్కడ పొదుపు వద్దు. పాత షూల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఊదకుండా తడిగుడ్డతో తుడవండి.

ఇవన్నీ అయ్యాకే పెయింట్. ఊడదీసేటప్పుడు ప్రతి చోటా ఫోన్‌తో ఫొటో తీయండి, ఒక్కో చోటి బోల్టులు ఒక్కో కవర్‌లో వేసి పేరు రాయండి. పెయింటర్‌కు ఛాసిస్ ఇచ్చేటప్పుడు నంబర్ ఉన్న చోట టేప్ అంటించి, గ్రైండర్ తగలనివ్వొద్దని రెండుసార్లు చెప్పండి. అక్కడ పుట్టీ నిండి అంకెలు కనిపించకపోతే ఆర్‌టీఓ ముందు మీ మాటెవరూ నమ్మరు. క్రోమ్ ఖర్చు గురించి ముందే మనసు దిటవు చేసుకోండి.

బోరు కొట్టించిన బండిని మొదటి 500 కిలోమీటర్లు నింపాదిగా తోలండి. ఆయిల్ లీటరుకు 50 మిల్లీలీటర్లు వేయండి, వెనక ఇంకొకరిని ఎక్కించుకోకండి, ఒకే స్పీడులో ఎక్కువసేపు పోకండి. మొదటి రౌండ్ తర్వాత ఇంజిన్ పూర్తిగా చల్లారాక హెడ్డు నట్లు మరోసారి బిగించండి. అప్పుడే ప్లగ్ తీసి చూడండి. కాఫీపొడి రంగు ఉంటే సరే. నల్లగా జిడ్డుగా ఉంటే పెట్రోలో ఆయిలో ఎక్కువవుతోంది. తెల్లగా ఉంటే మాత్రం గాలి ఎక్కువవుతున్నట్టే, ఆ రోజుకు బండి మళ్ళీ తీయకుండా సీల్, కార్బొరేటర్‌ను బోరుకు కలిపే చోటి మ్యానిఫోల్డ్ గాస్కెట్, జెట్ వరసగా చూసుకోండి.