ఎండలకి తినట్లేదంటారా? ముందు నాడి చూడండి

వేసవి సెలవులకి హాస్టళ్లు ఖాళీ అయిన వారం నుంచే నాకు ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, పాప ఇంటికొచ్చింది, బాగా చిక్కిపోయింది, అన్నం సయించట్లేదంటోంది, అయినా ఈ ఎండలకి ఎవరికి సయిస్తుంది లెండి." ప్రశ్నా వాళ్లదే, జవాబూ వాళ్లదే. విజయవాడలో డైటీషియన్‌గా ఇన్నేళ్లుగా ఇదే వింటున్నాను కాబట్టి ఫోన్లో చెప్పేదంతా ఒకసారి రాసి పెడుతున్నాను. పాప అని రాస్తున్నా గానీ మగపిల్లలకీ ఇదే వర్తిస్తుంది, వాళ్లనైతే ఇంకా ఆలస్యంగా తీసుకొస్తారు.

సమస్య: తిండి తగ్గింది, బరువు తగ్గింది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి.

ముందు చూడాల్సినవి మూడే. ఇప్పుడు బరువెంత, ఆరు నెలల కిందట ఎంత. నెలసరి చివరిసారి ఎప్పుడొచ్చింది. నాడి ఎంత కొట్టుకుంటోంది. ఇవి వదిలేసి థైరాయిడ్, స్కానింగ్, ఎండోస్కోపీ దాకా తిరిగొచ్చి ఇంత లావు ఫైలు నా బల్ల మీద పెడతారు, అందులో బరువు ఒక్కచోటైనా రాసి ఉండదు. నాడి చూడ్డానికి పెద్ద విద్యేం అక్కర్లేదు. కరోనా టైములో కొన్న ఆక్సీమీటర్ బీరువాలో ఎక్కడో పడి ఉంటుంది కదా, ఆక్సిజన్ కాక అందులో కనిపించే రెండో అంకె అదే. ఐదు నిమిషాలు పడుకోబెట్టి చూడండి. వేళ్లు చల్లగా ఉంటే అది తప్పు చూపించొచ్చు, అప్పుడు మణికట్టు మీద వేళ్లు పెట్టి నిమిషం నిండా లెక్కపెట్టండి.

కారణం నిజంగా ఎండే అయితే మధ్యాహ్నం ముద్ద దిగదు, పొద్దు వాలాక ఆకలేస్తుంది. ముంజలు తింటారు, మామిడిపండు తింటారు, రాత్రి పెరుగన్నంలోకి ఆవకాయ ముక్క అడుగుతారు. హాస్టల్ తిండే కారణమైతే ఇంటికొచ్చిన పది పదిహేను రోజుల్లో మొహం తేరుకుంటుంది. షుగర్, టీబీ, థైరాయిడ్ సంగతి డాక్టరు పరీక్షలతో తేలుస్తారు, అతి దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటే మాత్రం ఆ రోజే షుగర్ చూపించండి. ఇంకా అరుదైన జబ్బులూ ఉన్నాయి, ఫోన్లో వెతుక్కుని నిద్ర పాడుచేసుకోకండి.

ఇక దొంగలా దాక్కునే అసలు కారణం. పిల్లకి ఆకలి లేక కాదు, లావైపోతానన్న భయంతో తినట్లేదు. డాక్టర్లు అనొరెక్సియా అంటారు. తినేసి కక్కే రకం బులిమియా, అందులో బరువు మామూలుగానే ఉండొచ్చు కాబట్టి కాటా కూడా పట్టుకోలేదు. ఈ జబ్బు మన దగ్గర దొరక్కపోవడానికి కారణం ఏమిటంటే, తిండి మానడానికి మన క్యాలెండర్లో ప్రతి నెలా ఓ మర్యాదైన సాకు ఉంటుంది. మేలో ఎండలు. జూన్‌లో కొత్త కాలేజీ, అలవాటు పడలేదు. శ్రావణంలో శుక్రవారాలు, దసరా దాటాక భవానీ దీక్ష, కార్తీకంలో సోమవారాలు, ఆ వెనకే అయ్యప్ప మాల. సంక్రాంతికి "అరిసెలు పడలేదు". మార్చిలో పరీక్షల టెన్షన్. మళ్లీ మే. ఒక్కో సాకూ విడిగా చూస్తే నిజంలాగే ఉంటుంది, కలిపి చూసేవాళ్లే ఉండరు, ఎందుకంటే ఆ పిల్ల ఏడాదిలో సగం హాస్టల్లో, సగం ఇంట్లో.

చలిదేశాల్లో చలికాలంలో వెలుతురు తగ్గి కొందరికి బులిమియా ముదురుతుందని, దానికి లైట్ థెరపీ కూడా వాడి చూశారని చదివి నన్ను అడిగేవాళ్లున్నారు. మనకి డిసెంబరులో కూడా పగలు పదకొండు గంటలు ఉంటుంది. ఇక్కడ సూర్యుణ్ణి కాదు, పంచాంగాన్ని చూడాలి.

నేను చేతులు కాల్చుకున్నది ఒక రోహిణి కార్తెలో. గుంటూరు వైపు నుంచి ఇంటర్ పిల్ల, బయట 45 డిగ్రీలు, అప్పటికే రెండుసార్లు కళ్లు తిరిగి పడితే వేరేచోట వడదెబ్బ అని గ్లూకోజ్ ఎక్కించి పంపారు. ఎక్కించిన పూటకి లేచి కూర్చుంది, ఇంట్లోవాళ్లకి ధైర్యం వచ్చింది. నేనూ తెలివిగా మజ్జిగ, కొబ్బరినీళ్లు, ఓఆర్‌ఎస్ రాసి పంపాను. ఆ పిల్ల నిండు చేతుల చుడీదార్ వేసుకుని, మా గదిలో ఫ్యాన్ ఆపమని అడిగింది. అందరం చెమటతో తడిసిపోతుంటే ఆమె ఒక్కతికీ చలి! అది విని కూడా నాకు వెలగలేదు. నాలుగో రోజు ఐసీయూలో చూశాను, నాడి 46, పొటాషియం బాగా పడిపోయింది.

నీరు తగ్గి నీరసించిన మనిషికి సాధారణంగా నాడి వేగంగా పరుగెడుతుంది. చాలాకాలం తిండి మానేసిన ఒంట్లో గుండె నెమ్మదిస్తుంది, ఉన్న కాస్త శక్తినీ దాచుకోవడానికి. మెలకువగా పడుకుని ఉన్నప్పుడు 50 లోపు ఉంటే, ఆటల్లో బాగా శిక్షణ ఉన్న పిల్ల అయితే తప్ప, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నాడి బాగానే ఉందని మిగతావి వదిలేయకండి, కక్కేవాళ్లకి నీరు కూడా తగ్గి ఆ అంకె మామూలుగానో ఎక్కువగానో కనిపించొచ్చు. ఇంకో పరీక్ష నాకు వ్రతాలు నేర్పింది: ఉపవాసం విడిచే వేళకి మొహం చూడండి. మామూలు మనిషి ఆ వేళ కోసం ఎదురుచూస్తాడు. ఈ పిల్లకి భయం అప్పుడే మొదలవుతుంది, వచ్చే ఉపవాసం ఎప్పుడని అడుగుతుంది.

పరిష్కారం: స్పృహ తప్పినా, గుండె దడగా ఉన్నా, కక్కుతున్నా, ఇంట్లో ఆగకండి. వెళ్లగానే "నెలల తరబడి సరిగ్గా తినట్లేదు" అని నోరు తెరిచి చెప్పండి, ఈసీజీ, పొటాషియం, ఫాస్ఫేట్ చూస్తారా అని అడగండి. వట్టి గ్లూకోజ్ బాటిల్ పెట్టించుకుని వచ్చేయొద్దు. తిండి లేక ఎండిపోయిన ఒంట్లోకి చక్కెర ఒక్కసారిగా వెళ్తే రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి, గుండె లయ తప్పుతుంది. అందుకే విటమిన్ బి1 ఇచ్చి, రక్తపరీక్షలు చూసుకుంటూ తిండి మెల్లగా పెంచుతారు. ఇంటికి తీసుకెళ్లి నెయ్యి ముద్దలు కుక్కే పని కూడా అందుకే వద్దు.

ప్రమాదం లేదని డాక్టరు చెప్పాక మీ పని మొదలవుతుంది. వాళ్లు రాసిన లెక్క ప్రకారం మూడు పూటలా, మధ్యలో చిరుతిండికీ మీలో ఒకరు పక్కన కూర్చోవాలి, ఫోన్లు లేకుండా. తిన్నాక కూడా కాసేపు కబుర్లు చెప్పండి. ఎంత తిన్నావు, కాస్త ఒళ్లు చేశావు లాంటి మాటలు మెచ్చుకోలుగా కూడా వద్దు, ముఖ్యంగా పెళ్లిళ్లలో అత్తయ్యలకి ముందే ఫోన్ చేసి చెప్పేయండి. మానసిక వైద్యులకి చూపించడం తప్పనిసరి, గుంటూరు, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఆ విభాగం ఉంది. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఉపవాసాలు, మాల ఈ ఏడాదికి ఆపాలి. ఇక్కడే నానమ్మలతో గొడవ వస్తుంది. పిల్ల చేత చెప్పించకండి, మీ ఇంటికొచ్చే పంతులుగారితోనే "ఒంట్లో బాగాలేనివాళ్లకి ఉపవాసం అక్కర్లేదమ్మా, దీపం పెడితే చాలు" అనిపించండి, ఆ ఒక్క మాట నా గంట కౌన్సెలింగ్ కన్నా బాగా పనిచేస్తుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పోయిన సంక్రాంతి ఫోటో, అంతకుముందు సంక్రాంతి ఫోటో ఫోన్లో పెట్టుకుని వెళ్లండి. పాత బరువు ఎవరికీ గుర్తుండదు.