గాలం వేసేవాళ్ళకి కళ్ళజోడు: పోలరైజ్డ్ అయితే చాలదు, లెన్స్ రంగూ చూడాలి

చేపలు పట్టడానికి కళ్ళజోడు కొనేటప్పుడు చాలామంది అద్దం ఎంత నల్లగా ఉంది, పైన మెరుపు నీలమా ఆకుపచ్చా అని చూసి తీసేసుకుంటారు. నిజానికి అవి రెండూ చివర్లో చూడాల్సినవి. ముందు అది నిజంగా పోలరైజ్డేనా, అంటే నీటి మీది మెరుపుని ఆపేదేనా కాదా తేల్చుకోవాలి, తర్వాత లెన్స్ అసలు రంగు, అంటే పెట్టుకున్నప్పుడు లోపలి నుంచి కనిపించే రంగు, మీరు గాలం వేసే నీళ్ళకి సరిపోతుందో లేదో చూడాలి. ఒక్కటే కొనగలిగితే ఏది కొనాలి అని అడిగితే నా జవాబు రాగి రంగు లేదా గోధుమ రంగు లెన్స్. ఎందుకో కింద చెప్తాను.

వెలుగు నీటి మీద పడి వెనక్కి తిరిగినప్పుడు అందులో ఎక్కువ భాగం అడ్డంగా కంపిస్తూ మన కంట్లోకి వస్తుంది. నీళ్ళ లోపల ఏముందో కనపడనివ్వని ఆ తెల్లటి మెరుపు ఇదే. పోలరైజ్డ్ లెన్స్‌లో ఉండే పల్చటి ఫిల్మ్ నిలువుగా కంపించే వెలుగుని వదిలి అడ్డంగా వచ్చేదాన్ని ఆపేస్తుంది. కిటికీ నిలువు ఊచల మధ్య నుంచి నిలువుగా పట్టుకున్న కర్ర బయటికి పోతుంది, అడ్డంగా పట్టుకుంటే తగులుకుంటుంది, అలాగన్నమాట. మామూలు నల్ల అద్దం ఈ పని చెయ్యదు, అది మెరుపునీ చేపనీ కలిపి చీకటి చేస్తుంది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. ఈ మెరుపు అన్ని కోణాల్లోనూ ఒకేలా పోదు. చూపు నీటి మట్టానికి దాదాపు 37 డిగ్రీల వాలులో ఉన్నప్పుడు లెన్స్ దాన్ని దాదాపు పూర్తిగా తీసేస్తుంది, ఈ కోణం లెక్క 1815లో స్కాట్లండ్ శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ చెప్పింది. అంటే మీ కళ్ళు నీటికి 1.6 మీటర్ల ఎత్తులో ఉంటే రెండు మీటర్లకి కాస్త అటూ ఇటూ ఉన్న చోట నీళ్ళు బాగా తేటగా కనిపిస్తాయి. మరీ కాళ్ళ దగ్గరకి నిటారుగా చూసినా, దూరంగా నీటి మీద చూపు జారిపోయేలా చూసినా ప్రభావం తగ్గుతుంది. కాబట్టి ఇరవై మీటర్ల అవతల ఏమీ కనపడకపోతే కళ్ళజోడు మంచిది కాదని అనుకోకండి, వీలైతే కాస్త ఎత్తు మీద నిలబడండి, కనిపించే మేర పెరుగుతుంది. అలలు ఉన్నప్పుడు నీటి ఒంపు మారుతూ ఉంటుంది కాబట్టి తల కొంచెం పక్కకి వంచి చూడండి, ఒక్కోసారి అంతవరకూ కనపడని చేప టక్కున కనిపిస్తుంది. బురద నీళ్ళలో మాత్రం ఆశ పెట్టుకోవద్దు, లెన్స్ పైపై మెరుపుని తీస్తుంది కానీ నీటిలో కలిసిన మట్టిని తియ్యలేదు.

కొనే ముందు పరీక్ష సులువు. ఎల్‌సీడీ స్క్రీన్ ఎదురుగా కళ్ళజోడు పట్టుకుని నెమ్మదిగా అటు 90 డిగ్రీలు, ఇటు 90 డిగ్రీలు తిప్పండి, ఎక్కడో ఒక చోట స్క్రీన్ బాగా నల్లబడితే పోలరైజ్డ్. కొన్ని ఫోన్ల స్క్రీన్‌లు నల్లబడకుండా రంగు మాత్రమే మారతాయి, అప్పుడు ఇంకో పోలరైజ్డ్ జోడు తీసుకుని ఒక లెన్స్ ముందు ఇంకో లెన్స్ అడ్డంగా పెట్టి చూడండి, రెండూ కలిసిన చోట చీకటి అయిపోవాలి. ఇంకో సంగతి, పోలరైజ్డ్ అంటే యూవీ, అంటే ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రక్షణ ఉన్నట్టు కాదు. లేబుల్ మీద యూవీ 400 అని ఉందో లేదో విడిగా చూడాలి. యూవీ ఆపని నల్ల అద్దం వెనకాల కంటి పాప పెద్దదవుతుంది, యూవీ ఇంకా లోపలికి పోతుంది, దీనికంటే పెట్టుకోకపోవడమే నయం.

ఇక రంగులు. రాగి, గోధుమ, తేనె రంగు లెన్సులు నీలం వెలుగుని బాగా తగ్గిస్తాయి. గాల్లోనూ నీళ్ళలోనూ ఎక్కువగా చెదిరి మసక తెచ్చేది ఆ నీలమే, కాబట్టి అది తగ్గగానే అడుగున ఇసుక, నాచు, రాళ్ళు, వాటి మీద పడ్డ చేప నీడ విడివిడిగా తెలుస్తాయి. ఏర్లు, చెరువులు, లోతు తక్కువ తీరాలు, అడుగు కనిపించే నీళ్ళు ఏవైనా ఇదే రంగు. ఎండ ఎక్కువున్నా కాస్త మబ్బు పట్టినా నడిచిపోతుంది, అందుకే మొదటి జోడుగా ఇదే చెప్తున్నాను. దీనితో ఉన్న ఇబ్బంది, లోకం కొంచెం ఎర్రగా వెచ్చగా కనిపిస్తుంది, అది కాసేపటికి అలవాటైపోతుంది.

గ్రే లెన్స్ అన్ని రంగుల్నీ దాదాపు ఒకే మోతాదులో తగ్గిస్తుంది కాబట్టి రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. నడి సముద్రంలో, పడవ మీద, రోజంతా మండుటెండలో ఉండేవాళ్ళకి కంటికి హాయి. అక్కడ అడుగు ఎలాగూ కనపడదు కాబట్టి కాంట్రాస్ట్‌తో అంత పనిలేదు. అదే గ్రే పెట్టుకుని లోతు తక్కువ నీళ్ళలో చేప కోసం వెతికితే అంతా ఒకే ఛాయలో కనిపించి చిరాకొస్తుంది. పసుపు, లేత గులాబీ రంగులు తెల్లవారుజామున, సాయంత్రం, దట్టంగా మబ్బున్నప్పుడు బాగుంటాయి, నడి మధ్యాహ్నం పనికిరావు. ఇది రెండో జోడు, వేకువనే గాలం వేసేవాళ్ళకి మాత్రం తప్పకుండా కావాలి.

అద్దం మీద నీలం, ఆకుపచ్చ మెరుపు పూత గురించి పెద్దగా ఆలోచించకండి. అది ఇంకొంచెం వెలుగుని వెనక్కి పంపుతుంది, అంతవరకే. నీలం మెరుపు కింద గ్రే ఉండొచ్చు, రాగి రంగు ఉండొచ్చు, కంటికి తేడా తెచ్చేది ఆ కింద రంగే. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు బేస్ కలర్ ఏంటని తప్పకుండా అడగండి.

ఎంత ముదురు కావాలనేది వీఎల్‌టీ అంకె చెప్తుంది, అంటే లోపలికి వచ్చే వెలుగు శాతం. కేటగిరీ 3 అంటే 8 నుంచి 18 శాతం, పగటిపూట చేపల వేటకి ఇదే. గోధుమ రంగులో 12 నుంచి 15 శాతం మధ్య ఉన్నది తీసుకుంటే ఎక్కువ రోజులు సరిపోతుంది. కేటగిరీ 4 అంటే 3 నుంచి 8 శాతం, అది పెట్టుకుని బండి నడపకూడదు, గుర్తుంచుకోండి. పోలరైజింగ్ ఫిల్మే దాదాపు సగం వెలుగు తినేస్తుంది కాబట్టి చీకటి పడ్డాక ఏ రంగు పోలరైజ్డ్ లెన్స్ అయినా తీసేయడమే.

మెటీరియల్ విషయంలో నేను పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ వైపే. గాజు లెన్స్ తేటగా ఉంటుంది, గీతలు త్వరగా పడవు, నిజమే, కానీ బరువు, పైగా పగులుతుంది. ఇరుక్కున్న గాలాన్ని గట్టిగా లాగినప్పుడు అది ఊడి సీసపు గుండుతో సహా ముఖం మీదకి ఎంత వేగంగా వస్తుందో చూసినవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు. పక్కనవాళ్ళు గాలం విసిరేటప్పుడు కూడా అంతే, పిల్లలు వెంట ఉంటే వాళ్ళకీ ఒక జోడు పెట్టండి.

ఫ్రేమ్ ముఖాన్ని చుట్టినట్టు ఉండాలి. పక్కల నుంచి, పై నుంచి వెలుగు దూరితే అది లెన్స్ లోపలి వైపు తగిలి మీ కన్నే మీకు కనిపిస్తుంది, ఎంత ఖరీదైన లెన్స్ అయినా దండగ. టోపీ అంచు కింది భాగం ముదురు రంగులో ఉంటే నీటి మీంచి పైకొచ్చే వెలుగు ఆ అంచుకి తగిలి కళ్ళలో పడదు. మెడకి తాడు కట్టుకోండి, పడవ మీదైతే తేలే తాడు.

ఉప్పు నీళ్ళు తగిలాక పొడిగా తుడవకండి, ఉప్పు గింజలు గీతలు పెడతాయి, ముందు మంచినీళ్ళతో కడిగి తర్వాత మెత్తటి గుడ్డ వాడండి. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే వేడికి ఫిల్మ్ పొర విడిపోతుంది, ఆ తర్వాత బాగుచేయడం కుదరదు. ఫిష్ ఫైండర్ (నీళ్ళలో చేపలు ఎక్కడున్నాయో చూపించే పరికరం) స్క్రీన్ ఒక్కసారిగా నల్లగా కనిపిస్తే కంగారు పడొద్దు, అది పాడవలేదు, లెన్స్ వల్లే. తల కొంచెం వంచి చూడండి, లేదా స్క్రీన్ బిగించే కోణం మార్చండి.